దర్జీ కొట్టులో ఆరు దినాలు

రెడ్డెమ్మ ఎవరికైనా ఒక వస్తువు ఇచ్చిందంటే దాని మీద కనిపించీ కనిపించకుండా ఒక గుర్తు పెట్టేది. అది ఆమెకు పుట్టుకతో వచ్చిన బుద్ధి కాదు. కువైట్‌కు వచ్చే ముందు రెండు ఇత్తడి బిందెలు, ఒక గంగాళం ఆడబిడ్డ ఇంట్లో దాచిపెట్టింది. రెండేళ్ళకు సెలవు మీద పోయి అడిగితే ఆడబిడ్డ మొహం మీదనే, "ఇవి మావి. నీవి యాడివి?" అనింది. తనవేనని చూపించడానికి రెడ్డెమ్మ దగ్గర ఏమీ లేకపోయింది. ఆ రోజు నుంచీ గుర్తు పెట్టడం మొదలుపెట్టింది. మనుషుల మీద కూడా మనసులోనే ఏదో ఒక గీత గీసి ఉంచుకునేది.

1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్ మీద వచ్చి పడినప్పుడు ఆమె ఒమరియాలో ఒక కువైటీ కుటుంబంలో పనిచేస్తోంది. నాలుగో రోజుకల్లా ఆ కుటుంబం రెండు కార్లలో ఎడారి దారిన సౌదీకి వెళ్ళిపోయింది. యజమానురాలిని పనివాళ్ళంతా పిలిచినట్టే రెడ్డెమ్మ కూడా మామా అనే పిలిచేది. మామా కారెక్కుతూ ఇంటి తాళాల గుత్తి ఆమె చేతిలో పెట్టి, "నిన్ను నమ్మి వదిలిపోతున్నా. నెలలో వచ్చేస్తాం," అంది. రెడ్డెమ్మ పాస్‌పోర్టు మాత్రం ఇనప్పెట్టెలో ఉండిపోయింది. దాని తాళంచెవి ఆ గుత్తిలో లేదు.

సెప్టెంబరు, అక్టోబరుల్లో మనవాళ్ళు బస్సులెక్కి బాగ్దాద్ మీదుగా జోర్డాన్ చేరి, అక్కడినుంచి విమానాల్లో ఊళ్ళకు పోయారు. కడప జిల్లా రాజంపేట వాళ్ళు, రాయచోటి వాళ్ళు అందరూ, "రామ్మే, పాస్‌పోర్టు లేకున్నా ఎంబసీవోళ్ళు కాయితం ఇస్తారంట," అని పిలిచారు. రెడ్డెమ్మ నమ్మలేదు. కాయితం చూసి ఎవడైనా నడి ఎడారిలో దింపేస్తే దిక్కెవరు? ఒంటరిగా పెద్ద ఇంట్లో ఉండడానికి భయపడి, ఫర్వానియాలో పుష్పలత అనే చిట్వేలు ఆమె గదిలో చేరింది. పగలు ఒమరియాకు నడిచిపోయి ఇల్లు ఊడ్చి, తాళాలు చూసుకుని, మధ్యాహ్నానికి తిరిగొచ్చేది.

డిసెంబరు నెలలో ఒకనాడు జుబేదా బీ ఆ గది తలుపు తట్టింది. ఆమెది రాయచోటి. యాభై దాటిన మనిషి. ఇరవై ఏళ్ళుగా ఒక ఆస్పత్రిలో ఊడ్చి తుడిచే పని. రెడ్డెమ్మ ఆమెను జుబేదక్కా అనేది గానీ, అంత చనువేమీ లేదు.

"పాలపొడి ఉంటే ఇయ్యి రెడ్డెమ్మా. ఆస్పత్రిలో మంచాలన్నీ సిపాయిలకు గావాలని, లేవలేని రోగుల్ని బయటికి పంపేసినారు. ఎవురూ లేనోళ్ళు ముగ్గురుండారు. తెచ్చి పెట్టుకున్యా."

"యాడ పెట్టినావక్కా?"

"ఈడనే, మన కిందింట్లో. పాకిస్తానీ దర్జీ పోతాపోతా కొట్టు తాళం నాకిచ్చినాడు. గుడ్డలు కత్తిరించే బల్లలు ఉండాయి గదా, వాటి మీద పరుపులేసినా. వాళ్ళలో ఒకాయన మనోడే. పుల్లంపేట పక్క. గంజి గూడా దిగదు ఆయనకు. చెంచాతో పాలు పోస్తాండా. వచ్చి చూసిపో."

"చూసి నేనేం జేస్తాలే అక్కా," అంది రెడ్డెమ్మ.

పాలపొడి అప్పటికి బంగారమంత అపురూపం. జమీయా దుకాణాల్లో అరలు ఎప్పుడో ఖాళీ అయ్యాయి. మామా ఇంటి వంటగదిలోంచి తెచ్చుకున్న డబ్బాలు రెడ్డెమ్మ దగ్గర మూడున్నాయి. లోపలికి పోయి, ఒక డబ్బా తిరగేసి, అడుగున కత్తిమొనతో మూడు గీతలు గీసి తెచ్చిచ్చింది. జుబేదా బీ రెండు చేతులతో అందుకుని, కళ్ళకద్దుకుని, పై అంతస్తుకు పోయింది. అక్కడా తలుపు తట్టడం, అదే మాట చెప్పడం రెడ్డెమ్మకు వినిపించింది.

అలా వారానికి రెండుసార్లు వచ్చేది జుబేదా బీ. బియ్యం, దుప్పటి, సబ్బు, నొప్పి మాత్ర, ఏదుంటే అది. ఫర్వానియాలో మిగిలిన మన గదులన్నీ తిరిగేది. పోగైనదాన్ని మహబూబ్ బాషా అనే ఆయన తన పికప్‌లో మోసుకుపోయేవాడు. బాషా కూడా రాయచోటి పక్కవాడే, అమ్ఘరాలో పాత ఇనుము మోసే డ్రైవరు.

ఇవ్వడం ఇస్తోంది గానీ, రెడ్డెమ్మ కళ్ళు ఊరుకోలేదు. లోకమంతా నడిచి తిరుగుతుంటే బాషాకు పెట్రోలు ఎక్కడిది? నడిరోడ్డులో సిపాయిలు ప్రతి బండినీ ఆపి సీట్లు చింపి చూస్తుంటే, ఇతని బండికి చెయ్యూపి ఎందుకు పంపుతున్నారు? రోగులుండేది కింది కొట్టులోనైతే, బియ్యం బస్తా బండెక్కి ఎక్కడికి పోతోంది? ఒకనాడు ఇవన్నీ పుష్పలతతో అంటే ఆమె, "పోనీలే అక్కా, ఇచ్చినాక మనకెందుకు," అంది. రెడ్డెమ్మకు ఆ మాట కూడా అనుమానంగానే తోచింది. ఈమెకేమైనా ముడుతోందా?

కిందికి నాలుగు మెట్లు దిగి, ఆ దర్జీ కొట్టు తలుపు తోసి చూస్తే సగం సందేహాలు తీరేవి. ఆమె దిగలేదు. రోగుల్ని చూస్తే మనసు మెత్తబడుతుందని, మెత్తబడితే మోసపోతానని ఆమె భయం.

జనవరి మొదటి వారంలో ఒమరియా నుంచి తిరిగొస్తుంటే, రోడ్డు పక్కన దోపిడీ సామాన్లు అమ్మే చోట జనం మూగి ఉన్నారు. బట్టలు, గడియారాలు, ఎవరింట్లోంచో పెరికి తెచ్చిన పంకాలు. ఆ వరసలో చివర బాషా పికప్ వెనక తలుపు దించి ఉంది. దాని మీద బియ్యం మూటలు, సబ్బులు, నాలుగైదు పాలపొడి డబ్బాలు.

రెడ్డెమ్మ దగ్గరికి పోయి ఒక్కో డబ్బా ఎత్తి, ధర చూస్తున్నట్టు తిరగేసింది. మూడోదాని అడుగున మూడు గీతలున్నాయి.

"కొంటావా అక్కా?" అన్నాడు బాషా, కొంచెం తడబడి.

"యాడిదిబ్బా ఈ సరుకు?"

"అమ్ఘరాలో. గోడౌన్లో మిగిలింది."

ఆమె డబ్బాను ఉన్నచోటే పెట్టేసింది. వెనక్కి తిరిగింది. నడుస్తుంటే కోపం కంటే ముందు ఒక విధమైన సంతోషం కలిగింది. ఇన్నాళ్ళకు తన అనుమానం నిజమైంది. బిందెల సంగతిలో నోరు మూసుకుని వచ్చేసింది. ఈసారి మూసుకోదు.

మరునాడు పొద్దున రొట్టెల కోసం ఖుబూస్ బేకరీ ముందు నిలబడిన వరసలో మనవాళ్ళు నలభై మంది దాకా ఉన్నారు. రెడ్డెమ్మ చెప్పింది పుష్పలతకే గానీ, వరసలో చివరి మనిషికీ వినపడేలా చెప్పింది.

"నేనిచ్చిన డబ్బానే. అడుగున నేను గీసిన గీతలు నేనే చూసినా. రోగుల పేరు చెప్పి ఇంటింటికీ అడుక్కోని, రోడ్డు మీద పెట్టి అమ్ముకుంటాండారు. ఆ జుబేదక్క ఒకతి, ఆ బాషా ఒకడు. నోటికాడ తీసి ఇచ్చినోళ్ళం మనం పిచ్చోళ్ళమా?"

ఎవరూ కాదనలేదు. ఆకలితో ఉన్న మనుషులు. ఇవ్వకుండా ఉండడానికి ఒక కారణం దొరికింది. ఆ సాయంత్రం జుబేదా బీ తట్టిన ఏ తలుపూ తెరుచుకోలేదు. రెండో అంతస్తులో ఎవరో లోపల్నించే, "రోడ్డు మీద కొనుక్కో పో," అన్నారట. మూడో నాటికి బాషా పికప్‌తో సహా కనిపించకుండా పోయాడు. తన పేరు వరసలో పలికారని, సిపాయిల చెవిన పడితే ఉరేనని భయపడి జోర్డాన్ దారి పట్టాడని చెప్పుకున్నారు.

నాలుగో నాడు మధ్యాహ్నం జుబేదా బీ వచ్చింది. చేతిలో సంచి లేదు. గడప దగ్గరే నిలబడింది.

"ఏమీ అడగను రెడ్డెమ్మా. ఒక్కసారి కిందికి రా."

తిట్టినా బాగుండేది. తిట్లకు రెడ్డెమ్మ జవాబులు సిద్ధం చేసుకుని ఉంది. చెప్పులు తొడుక్కుని వెనకే దిగింది.

కొట్టు లోపల ముందుగా ఆమెకు తోచింది, ఎంత శుభ్రంగా ఉందో అని. గోడకు కొలతల టేపు, కుట్టుమిషను మీద తెల్లగుడ్డ. ఒక బల్ల మీద కాళ్ళు చచ్చుబడిన బెంగాలీ ముసలాయన, కిటికీ పక్కన ఎముకల గూడు లాంటి సింహళం ఆమె. మూడో బల్ల మీద ఒక మనిషి మోకాళ్ళు గడ్డానికి ముడుచుకుని, పళ్ళ మధ్య దుప్పటి కొస కొరికి పట్టుకుని ఉన్నాడు. నోట్లోంచి వచ్చే శబ్దం మనిషిది కాదు.

"చిన్నపుల్లయ్య," అంది జుబేదా బీ. "షుఐబాలో కాంట్రాక్టు కూలి. కడుపులో పుండు. డాక్టరు అప్పుడే చెప్పినాడు, ఇంక బాగవదు, నొప్పి తెలీకుండా పెట్టుకోవడమే అని. నాలుగు దినాలాయ సూది లేక."

"ఏం సూది?"

"నొప్పి సూది. ఆస్పత్రిలో మందులగది తాళాలు ఇప్పుడు ఒక ఇరాకీ సిపాయి కాడ ఉండాయి. వాడు పాలపొడి తీసుకుంటాడా? వానికి సిగరెట్లు గావాల. పాలపొడి అమ్మాల, సిగరెట్లు కొనాల, సూదులు తేవాల. బాషా చేసింది అదీ. రోడ్డు మీద సిపాయిలకు గూడా నాలుగు సిగరెట్లు పారేస్తేనే బండి పోయేది."

రెడ్డెమ్మ ఇంకా లెక్కే అడిగింది. "అంతా సిగరెట్లకే పాయనా? బాషా ఏమీ మిగిలించుకోలేదా?"

"మిగిలించుకున్యాడు. పదింట్లో ఒకటి వాడు మింగతాడు. నాకు తెలుసు."

"తెలిసీ..."

"తెలిసీ ఊరుకున్యా. తొమ్మిది వస్తాండె గదా. వాడు గాకుంటే ఆ దోవన బండి తోలేదానికి ఎవురొస్తారు, నువ్వొస్తావా?" జుబేదా బీ తడిగుడ్డ పిండి చిన్నపుల్లయ్య నుదుటి మీద వేసింది. "ఈ మాట నువ్వు నన్ను అడిగింటే చెప్పిందును. అడగలేదు."

చిన్నపుల్లయ్య కళ్ళు తెరిచి రెడ్డెమ్మను చూశాడు. తెలుగు మాట విన్నాడేమో, దుప్పటి వదిలి, "ఏ ఊరుమ్మా?" అన్నాడు. ఆమె చెప్పేలోగా నొప్పి మళ్ళీ వచ్చి అతన్ని వంచేసింది.

ఆ సాయంత్రమే రెడ్డెమ్మ గదులన్నీ తిరిగింది. తాను చూసింది సగమేనని, మిగతా సగం ఇప్పుడు చూశానని చెప్పింది. విన్నవాళ్ళ మొహాల్లో ఆమెకు బాగా తెలిసిన చూపే కనిపించింది. అది నిన్నటిదాకా తన మొహంలో ఉన్న చూపే.

"మొన్న దొంగలంటివి, ఇప్పుడు దేవతలంటాండావు," అన్నాడు మునీంద్ర అనే రాజంపేట వంటవాడు, తలుపు సగమే తెరిచి. "నీకూ వాటా కుదిరిందా?"

ఆమెకు ఏడుపొచ్చింది, కోపమొచ్చింది. రెండూ మింగి పక్క తలుపుకు పోయింది. నాలుగు అంతస్తులు తిరిగితే దొరికింది పిడికెడు చక్కెర, ఒక సబ్బు. పుష్పలత మాత్రం తన దుప్పటి ఇచ్చింది. తన దగ్గర మిగిలిన రెండు డబ్బాలూ రెడ్డెమ్మే తీసుకుపోయి కొట్టులో పెట్టింది. ఈసారి గీతలు గీయలేదు.

ఐదో నాడు, ఆరో నాడు ఆమె ఒమరియాకు పోలేదు. కొట్టులోనే ఉంది. చిన్నపుల్లయ్య కాళ్ళు ఒత్తింది, వీపు తుడిచింది. నొప్పి పొరలు పొరలుగా వచ్చేది. వస్తున్నప్పుడు అతను ముందే తెలుసుకుని, "అదో, వస్తాండాది," అని చెప్పి బల్ల అంచు పట్టుకునేవాడు. ఆ మాట వినగానే సింహళం ఆమె చెవులు మూసుకునేది. ఎవరి వల్ల ఇదంతా జరుగుతోందో అతనికి జుబేదా బీ చెప్పలేదు. తెలియని మనిషి, "నీకు పుణ్యముంటాదిమ్మా," అంటుంటే రెడ్డెమ్మ తల తిప్పేసుకునేది.

ఆరో నాటి పొద్దున జుబేదా బీ, "ఆస్పత్రికి పోయి ఆ సిపాయినే అడుగుదాం. నాకు అరబ్బీ సరిగా రాదు, నీకు వచ్చు," అంది. ఇద్దరూ తల నుంచి కాళ్ళదాకా నల్లటి అబాయాలు కప్పుకుని నడిచారు.

మందులగది సిపాయి పేరు కాజిం. నలభై ఏళ్ళవాడు, పొట్టివాడు, గడ్డం మాసి ఉంది. రెడ్డెమ్మ సిగరెట్ల మాట ఎత్తగానే తల అడ్డంగా ఊపాడు. అటూ ఇటూ చూసి తలుపు మూశాడు.

"సిగరెట్లు వద్దు," అన్నాడు అరబ్బీలో. "దిష్‌దాషా కావాలి. మీ దొరలు తొడుక్కునే పొడుగు తెల్ల అంగీ. తలగుడ్డ, చెప్పులు కూడా."

"ఎందుకు?"

అతను ఆమె మొహంలోకి చాలాసేపు చూశాడు. ఈమె ఎవరికైనా చెబుతుందా అని అతని అనుమానం. తనను ఇరికించి పట్టించడానికి అడుగుతున్నాడా అని ఈమె అనుమానం.

"జనవరి పదిహేను దాటితే బాంబులు పడతాయి," అన్నాడు చివరికి. "మా ఊరు ఇక్కడికి ఒక రోజు దూరం. ఈ బట్టల్లో పారిపోతే మావాళ్ళే కాలుస్తారు. పన్నెండు సూదులిస్తాను. తెస్తావా, లేదా?"

దిష్‌దాషాలు ఎక్కడున్నాయో ఆమెకు తెలుసు. మామా భర్తవి, పనివాళ్ళు బాబా అని పిలిచే ఆయనవి, పదకొండు. ఒక్కోటీ తానే ఇస్త్రీ చేసి తగిలించింది. 'నిన్ను నమ్మి వదిలిపోతున్నా' అన్న మాట చెవుల్లో ఉంది. నమ్మిన ఇంట్లో బట్ట తీసి, ఆ ఇంటిని పాడుచేయడానికి వచ్చిన సైన్యపు మనిషికే ఇవ్వాలి. వాడు దొరికిపోయి ఎవరిచ్చారో చెబితే తన మెడకు తాడు. దొరక్కపోతే మామా ముందు దొంగ.

"నేను తెమ్మనీ చెప్పను, వద్దనీ చెప్పను," అంది జుబేదా బీ కొట్టు దగ్గరకొచ్చాక. "అది నీ దొరల ఇల్లు."

లోపల్నించి చిన్నపుల్లయ్య, "వస్తాండాది," అనడం వినిపించింది.

రెడ్డెమ్మ అటునుంచి అటే ఒమరియాకు పోయింది. అలమారు తెరిచి, వరసలో వెనకున్నది ఒకటి తీసి, ఒక తలగుడ్డ, పాత చెప్పులు సంచిలో వేసుకుంది. బాబా పూసుకునే అత్తరు, ఊదుబత్తి లాంటి వాసన, ఇంకా దానికుంది. బాబా ఆరడుగుల మనిషి. కాజిం తొడుక్కుంటే అడుగు నేల మీద ఈడుస్తుంది, అరువు బట్ట అని గుడ్డివాడికి కూడా తెలిసిపోతుంది. దాన్ని ఒంటికి చుట్టుకుని, మీద అబాయా వేసుకుని, కొట్టుకు తెచ్చింది. మిషను మీది తెల్లగుడ్డ తీసి పక్కన పెట్టి, దిష్‌దాషా అడుగున జానెడు కత్తిరించి, అంచు మడిచి కుట్టింది. ఊళ్ళో ఉన్నప్పుడు రవికెలు కుట్టిన చెయ్యి.

మిషను శబ్దానికి చిన్నపుల్లయ్య అటు తిరిగి పడుకున్నాడు. "పెండ్లి బట్టనా?" అన్నాడు. ఆ ఆరు దినాల్లో అతను నవ్వబోయింది అప్పుడే.

తిరిగి ఆస్పత్రికి పోయే దారిలో ఒక కుర్ర సిపాయి ఆమెను ఆపాడు. తలగుడ్డ, చెప్పులు ఉన్న సంచి తెరిచి చూశాడు. "మగవాళ్ళవి ఎందుకు?" అన్నాడు.

"మా బాబావి. చెప్పు తెగింది, కుట్టించాలి," అంది. ఆ చెప్పు వారును బయల్దేరే ముందే తాను బ్లేడుతో సగం కోసి ఉంచింది. అబాయా లోపల దిష్‌దాషా చెమటకు ఒంటికి అంటుకుపోతోంది. అతను చెప్పును తిప్పి చూసి, సంచిని ఆమె మీదకు విసిరేశాడు.

కాజిం పొట్లం అందించేటప్పుడు కూడా ఆమెకు నమ్మకం లేదు. చిన్న గాజుసీసాలు పన్నెండు. నీళ్ళు నింపి ఇవ్వలేదని ఏముంది? వాటి మీది అక్షరాలు చదవడం ఆమెకూ రాదు, జుబేదా బీకీ రాదు. ఊరికి పోయేముందు ఆస్పత్రిలో ఒక మలయాళీ సిస్టరు నేర్పిన ప్రకారం జుబేదా బీ సూది ఎక్కించి, చిన్నపుల్లయ్య చేతికి గుచ్చింది. ఇద్దరూ రెండు పక్కలా నిలబడి చూశారు. కాసేపటికి బల్ల అంచు పట్టుకున్న వేళ్ళు ఒక్కొక్కటే సడలాయి. మోకాళ్ళు కిందికి జారాయి. నోరు తెరిచి, గురక పెట్టి నిద్రపోయాడు. సింహళం ఆమె చెవుల మీది చేతులు తీసి, మెల్లగా ఏడ్చింది.

ఆ సూదుల్ని జుబేదా బీ దినానికొకటి చొప్పున వాడింది. బాంబులు మొదలైన ఐదో రోజు మధ్యాహ్నం, కిటికీ అద్దాలు గడగడలాడుతుండగా, చిన్నపుల్లయ్య నిద్రలోనే పోయాడు. ఒక సూది మిగిలింది. దాన్ని సింహళం ఆమెకు వాడారు. ఆమె ఫిబ్రవరిలో పోయింది. బెంగాలీ ముసలాయన బతికాడు; యుద్ధమయ్యాక ఎవరో మోసుకుపోయి ఎక్కిస్తే తన దేశానికి చేరాడు. కాజిం ఊరు చేరాడో, దారిలో పడిపోయాడో ఎవరికీ తెలియదు.

చమురు బావుల పొగతో పగలే దీపాలు వెలిగించుకునే రోజుల్లో, ఏప్రిల్ నెలలో, మామా తిరిగొచ్చింది. మొదటి రోజు రెడ్డెమ్మను పట్టుకుని ఏడ్చింది. ఇల్లు ఉన్నది ఉన్నట్టు ఉంది. వీధిలో అటువంటి ఇల్లు ఇంకొకటి లేదు. నాలుగో రోజు అలమారు సర్దుతూ లెక్క పెట్టింది.

"బాబాది ఒకటి తక్కువుందే?"

ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. సిపాయిలు తీసుకుపోయారంటే నమ్మేది. రెడ్డెమ్మ జరిగింది జరిగినట్టు చెప్పింది. చెబుతుండగానే మామా మొహం గట్టిపడడం చూసింది. మామా తమ్ముణ్ణి నవంబరులో ఇరాకీలు పట్టుకుపోయారు. అతని జాడ ఇంకా తెలియలేదు.

"చచ్చిపోయే రోగి కోసమని చెబుతున్నావు," అంది మామా. "ఒక ఇరాకీ సిపాయితో నీకు ఇంకేం పని ఉండిందో నాకెలా తెలుసు?"

"జుబేదా బీని అడగండి మామా."

"ఆమె నీ మనిషి."

ఆ తర్వాత మామా తాళాల గుత్తి అడిగి తీసుకుంది. ఇనప్పెట్టె తెరిచి పాస్‌పోర్టు తీసి, టిక్కెట్టుతో కలిపి బల్ల మీద పెట్టి, "ఖలాస్," అంది. రెడ్డెమ్మ ఆమెను తప్పుపట్టలేకపోయింది. తాను మామా స్థానంలో ఉంటే అంతకంటే గట్టిగా అనుమానించి ఉండేది.

జూన్ నెలలో ఆమె పుల్లంపేటలో బస్సు దిగి, మైలున్నర నడిచి, చిన్నపుల్లయ్య ఇల్లు కనుక్కుంది. అతని భార్య వెంకటేశ్వరి వసారాలో కూర్చుని చింతపండులో గింజలు కొడుతోంది. ఎవరో తెలిశాక కూడా ఆమె చేతులు ఆగలేదు.

"కాంట్రాక్టరు మనిషొకడు వచ్చినాడు. నిద్దట్లో పోయినాడు, ఏ బాధా లేదు అన్యాడు. కాయితం మీద ఏలిముద్ర ఏయించుకోని పాయ. ఇంకొకడు వచ్చి అదే మాట చెప్పి అన్నం తిని పాయ. ఇద్దరూ చూసినోళ్ళు గాదు. నువ్వేమి తీసుకపోదామని వచ్చినావు?"

"ఏమీ వద్దు వదినా. నేను చూసినా. పోయింది నిద్దట్లోనే. అంతకు ముందు ఆరు దినాలు ఆయనకు నిద్ర లేదు. దానికి కారణం నేను."

డబ్బా, గీతలు, రొట్టెల వరసలో తానన్న మాట, అన్నీ చెప్పింది. వెంకటేశ్వరి చేతిలోని రాయి ఎప్పుడు ఆగిందో ఇద్దరూ గమనించలేదు.

"చెప్పకుంటే నాకు తెల్సేది గాదు గదా," అంది వెంకటేశ్వరి. "ఇదంతా నాకెందుకు చెప్తాండావు? నన్ను ఏడిపిచ్చేదానికా?"

"తెలీదు వదినా. చెప్పకుండా ఉండలేకపోతాండా."

వెంకటేశ్వరి ఆమెను తేరిపార చూసింది. నమ్మాలో వద్దో తేలని చూపు. "నొప్పిలో నన్ను పిలిచినాడా?"

పిలిచాడంటే సరిపోతుంది. అంత దూరం నుంచి వచ్చినందుకు ఆ ఒక్క మాటైనా చల్లగా చెప్పవచ్చు. రెడ్డెమ్మ నాలుక చివరిదాకా వచ్చింది అది.

"లేదు," అంది. "నరసమ్మా, నరసమ్మా అని పిలిచినాడు. ఎవురో నాకు తెలీదు."

వెంకటేశ్వరి రాయి కింద పెట్టింది. కొంగుతో చేతులు తుడుచుకుంది. ఆమె కళ్ళలో అంతసేపూ నిలబడి ఉన్న అనుమానం మొదటిసారి కదిలింది.

"వాళ్ళమ్మ," అంది. "కన్నతల్లిని పేరు పెట్టి పిలిచేటోడు. ఊరంతా నవ్వేది. ఆ కాంట్రాక్టరు మనిషికి ఈ మాట యాడ తెలుస్తాది!"

మన్నించానని గానీ, పొమ్మని గానీ అనలేదు. లేచి లోపలికి పోయి, చెంబుతో నీళ్ళు తెచ్చి రెడ్డెమ్మ ముందు పెట్టింది. తానూ ఎదురుగా కూర్చుంది.

"ఆ ఆరు దినాలూ మల్ల చెప్పు," అంది. "మొదటి దినం నుంచి చెప్పు. ఏదీ ఇడిసిపెట్టొద్దు."